మామ్మ డబ్బాలో రెండు పసుపు మాత్రలు

రండర్రా, రండి. ఆ చాప ఇటు లాక్కోండి, అక్కడ చూరునీళ్లు పడతాయి. చంటీ, ఆ వేరుశనక్కాయలు నువ్వొక్కడివే నమలకు, అందరికీ మధ్యలో పోయి. సరే. ఇవాళ పొద్దున మన బుజ్జమ్మ చేసిన ఘనకార్యం విన్నారుగా? మామ్మ మందులు దాచుకునే పాత ఓవల్టీన్ డబ్బా మూత తీసి లోపల చెయ్యి పెట్టింది. మామ్మ వంటింట్లోంచి చూసి, పిల్ల తేలు కన్నంలో వేలు పెట్టిందన్నంత కేక వేసింది. ఆ కేకకి నా చేతిలో పేపరు జారి కాఫీలో పడింది. బుజ్జమ్మ లంకించుకుంది ఏడుపు. తర్వాత మామ్మే జంతిక పెట్టి ఊరుకోబెట్టిందనుకోండి, అది వేరే సంగతి.

ఆ ఏడుపు మధ్యలోనే పిల్ల ఒక మంచి ప్రశ్న అడిగింది. "రెండు అట్టల్లోనూ పసుపు మాత్రలే ఉన్నాయి కదా తాతయ్యా! ఒకటేమో రోజూ వేసుకుంటుంది, రెండోదేమో ఆదివారం తప్ప ముట్టుకోకూడదంటుంది. ఎందుకూ?" అని.

ఎందుకా? ఆ రెండు మాత్రలూ ఒక తల్లి పిల్లల్లాంటివే. పక్కపక్కన పెట్టి చూస్తే పోలికలు కనిపిస్తాయి. కానీ ఒకటి కణానికి తిండి, రెండోది ఆ తిండి వేషం వేసుకొచ్చి కణం నోరు కట్టేసేది. రెండింటి వెనకా ఉన్నది మన పక్కూరి మనిషే. భీమవరంలో పుట్టాడు. ఆ కథ చెప్పాలంటే భీమవరం నుంచి బోస్టన్ దాకా వెళ్లి రావాలి. దీపాలవేళ దాటుతుంది, ఫర్వాలేదా?

ముందు కొంచెం రక్తం సంగతి. భయపడకండి, ముప్ఫై నాలుగేళ్లు ఆసుపత్రి ల్యాబులో అదే నా పని. వేలికొసన సూదితో గుచ్చి ఒక్క చుక్క తీసి గాజు పలక మీద పెట్టేవాణ్ణి. ఇంకో పలక అంచుతో ఆ చుక్కని సర్రున లాగేవాణ్ణి. మీ అమ్మ పెనం మీద దోసె తిప్పుతుంది చూడండి, అంత నేర్పుండాలి. మందంగా వస్తే కణాలు ఒకదాని మీద ఒకటి పడి ఏమీ కనపడదు, మరీ లాగేస్తే చిరిగిపోతుంది. ఆరాక రంగు పోసి, కడిగి, మైక్రోస్కోపు కింద పెడితే అబ్బో, ఎన్ని చూసినా తనివి తీరదు నాకు. లేత గులాబీరంగులో ఎర్రకణాలు, నడుమ చిన్న సొట్టతో, అచ్చం నడుం నొక్కిన గారెల్లా ఉంటాయి. అక్కడక్కడా ఊదారంగు కడుపుతో తెల్లకణాలు. ఆవగింజంత చోట ఎన్నుంటాయో తెలుసా? ఒక ఘనపు మిల్లీమీటరు రక్తంలో ఎర్రకణాలు ఇంచుమించు యాభై లక్షలు. తెల్లకణాలు నాలుగు వేల నుంచి పదకొండు వేలు. లెక్క ఎలా పెడతారంటావా పండూ? రక్తాన్ని ఇంత ద్రావణానికి ఇంత అని పలచన చేసి, చదరంగం బల్లలా గళ్లు గీసిన గాజు పలకలో పోసి, కొన్ని గళ్లల్లో ఉన్నవి ఎంచి హెచ్చవేయడమే. వరిచేలో ఒక చదరపు మీటరు కోసి ఎకరానికి దిగుబడి అంచనా వేస్తారు చూడు, అదే లెక్క.

ఒక్కో ఎర్రకణం బతికేది 120 రోజులు. అంటే సంక్రాంతికి పుట్టినది ఎండాకాలం సెలవులు చూసి వెళ్లిపోతుంది. పోయినవాటి చోటికి కొత్తవి రావాలిగా? ఎముకల్లో మూలుగ ఉంటుంది చూశారూ, అదే దానికి వంటశాల. నేను 'ఒకటి' అని పలికే లోపు అక్కడ ఇరవై లక్షల ఎర్రకణాలు తయారవుతాయి. రాత్రీ పగలూ పొయ్యి ఆరని సత్రం అది.

ఇప్పుడు ఆ సత్రంలో పండగపూట అరిసెలు వండుతున్నారనుకోండి. పిండి దంచుతున్నారు, జల్లిస్తున్నారు, రాశి పోస్తున్నారు. బెల్లం మాత్రం రాలేదు. ఏమవుతుంది? పిండి గుట్ట పెరుగుతుందే తప్ప ఒక్క అరిసె దిగదు. మూలుగలోనూ అంతే. కణం రెండుగా చీలాలంటే ముందు తన లోపలున్న డీఎన్ఏ మొత్తానికి ఇంకో ప్రతి తయారు చేసుకోవాలి. దానికి కావలసిన సరుకుల్లో ఒకటి తక్కువైతే కణం ఒళ్లు పెరుగుతుంది కానీ చీలదు. అలా ఉబ్బి, పక్వానికి రాని పెద్ద పెద్ద కణాలు మైక్రోస్కోపులో కనిపిస్తాయి. మనిషి పాలిపోతాడు, నాలుక ఎర్రగా పూస్తుంది, నాలుగడుగులు వేస్తే ఆయాసం. తెల్లకణాల కడుపులో మూడు నాలుగు తమ్మెలు ఉండాల్సిన చోట ఆరేసి తమ్మెలు కనిపిస్తాయి. మా రోజుల్లో అవి ఎంచి చూసి, "ఈమె ఆకుకూర మొహం చూడటంలేదు డాక్టరుగారూ" అని చీటీ రాయకముందే చెప్పేసేవాళ్లం.

ఆకుకూరకీ దీనికీ ఏమిటి సంబంధం అంటే, 1928 ప్రాంతాల్లో లూసీ విల్స్ అని ఇంగ్లండు డాక్టరమ్మ బొంబాయి వచ్చింది. అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేసే పేద ఆడవాళ్లు కడుపుతో ఉన్నప్పుడు ఇదే రక్తహీనతతో పోతున్నారు. ఆవిడ వాళ్ల వంటిళ్లలోకి తొంగిచూసింది. వాళ్లు తినే తిండే కోతులకి పెట్టి చూసింది. కోతులకీ రక్తం తగ్గింది. దేనితో బాగుపడతాయని ఒక్కొక్కటే పెడుతూ పోతే, చివరికి మార్మైట్ అనే నల్లటి ముద్ద పనిచేసింది. బీరు కాచినప్పుడు మిగిలిన ఈస్టుతో చేసేది అది, ఇంగ్లండులో రొట్టెకి రాసుకు తింటారు. రుచి మాత్రం... నాకొకసారి పెద్దబ్బాయి తెచ్చిపెట్టాడు, మన చింతపండు పులుసు అడుగంటితే ఇంతకన్నా బాగుంటుంది. కానీ ఆ తల్లులని బతికించింది. 1931లో ఆవిడ ఈ సంగతి అచ్చువేసింది. ఆ ముద్దలో ఏదో ఉంది, అదేమిటో మాత్రం తెలియదు.

ఆ 'ఏదో'ని పట్టుకోవడానికి మరో పదేళ్లు పట్టింది. 1941లో అమెరికాలోని టెక్సస్‌లో ముగ్గురు శాస్త్రవేత్తలు నాలుగు టన్నుల పాలకూర తెచ్చి, ఉడికించి, వడకట్టి, వడకట్టి, చివరికి చిటికెడంత సారం తీశారు. నాలుగు టన్నులర్రా! మన ఊరి సంత మొత్తానికి వచ్చినా అంత పాలకూర రాదు. ఆకులోంచి వచ్చింది కాబట్టి, లాటిన్‌లో ఆకుని ఫోలియం అంటారు కాబట్టి, ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. అదే మామ్మ మొదటి అట్టలో ఉన్నది.

ఇక మన మనిషి సంగతి. పేరు యల్లాప్రగడ సుబ్బారావు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టాడు. చదువులో మొదట్లో చురుకేమీ కాదు, మెట్రిక్ మూడోసారికి గట్టెక్కాడు. చంటీ, నువ్వు అలా నవ్వకు, నీ లెక్కల మార్కులు నాకు తెలుసు. చిన్నప్పుడు ఇంట్లో చెప్పకుండా కాశీకి బయల్దేరాడట, యాత్రికులకి అరటిపళ్లు అమ్మి డబ్బు గడిద్దామని. వాళ్లమ్మ మనుషుల్ని పంపి వెనక్కి రప్పించింది. మద్రాసులో వైద్యం చదివేరోజుల్లో గాంధీగారి మాట విని ఖద్దరు గౌను వేసుకుని ఆపరేషన్ గదిలోకి వెళ్లాడు. దొర ప్రొఫెసరుకి ఒళ్లు మండింది. దాంతో రావలసిన డిగ్రీ రాలేదు, దానికన్నా చిన్న సర్టిఫికెట్టుతో బయటపడ్డాడు.

ఈలోగా ఇంట్లో పిడుగులు పడ్డాయి. ఇద్దరు సోదరులు స్ప్రూ అనే జబ్బుతో పోయారు. నోరు పూయడం, ఆగని విరేచనాలు, తిన్నది ఒంటపట్టకపోవడం, రక్తం విరిగి నీరైపోవడం. సుబ్బారావునీ అది పట్టుకుంది. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద వైద్యంతో లేచి కూర్చున్నాడు. ఆ జబ్బుని గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

1922లో ఓడెక్కి బోస్టన్ వెళ్లాడు. చేతిలో పెద్దగా డబ్బు లేదు, చేతిలో ఉన్న సర్టిఫికెట్టు చూపిస్తే అక్కడ డాక్టరు ఉద్యోగం రాదు. ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పళ్లేలు కడిగే రాత్రిపని చేస్తూ హార్వర్డ్‌లో చదివాడు. తర్వాత అక్కడే సైరస్ ఫిస్కె అనే ఆయన దగ్గర జీవరసాయన శాస్త్రంలో కుదురుకున్నాడు.

ఇక్కడ నా గోడు ఒకటి చెప్పుకోవాలి. నేను ల్యాబులో చేరిన కొత్తలో రక్తంలో భాస్వరం ఎంతుందో కొలిచే పరీక్ష ఒకటి నేర్పారు. దాని పేరు ఫిస్కె–సుబ్బారావు పద్ధతి. మాలిబ్డేటు అనే ఉప్పు కలిపిన ఆమ్లం పోసి, దాంట్లో ఇంకో మందు వేస్తే గొట్టంలో నీలం రంగు దిగుతుంది. తెల్లబట్టలకి మామ్మ నీలిమందు పెడుతుంది చూడండి, సరిగ్గా ఆ నీలం. భాస్వరం ఎక్కువుంటే ముదురు, తక్కువుంటే లేత. తెలిసిన కొలత గొట్టం పక్కన తెలియని గొట్టం పెట్టి రంగు పోల్చుకోవడమే. పులుసులో చింతపండు ఎంత పడిందో రంగు చూసి మామ్మ చెప్పదూ, అలాగ. వాళ్లిద్దరూ ఈ పద్ధతి అచ్చువేసింది 1925లో, నేను దాన్ని వాడింది ఎన్నో ఏళ్ల తర్వాత. ఇన్నాళ్లూ రోజూ ఆ పేరున్న సీసా మూత తీసి పెడుతూ, సుబ్బారావంటే మద్రాసులో ఎవరో ప్రొఫెసరు కాబోలు అనుకున్నానే కానీ, సైకిలు తొక్కితే మధ్యాహ్నానికి చేరిపోయే ఊళ్లో పుట్టినవాడని నాకు తెలియదు! తెలిసిన రోజున సిగ్గేసింది.

ఒకరోజు ఆ గొట్టాలు అక్కడ పెట్టి టీకి వెళ్లాను. బజ్జీలు కూడా వేడివేడిగా ఉన్నాయి. తిరిగొచ్చేసరికి నీలం ముదిరిపోయి లెక్క తప్పింది. మా పెద్దాయన చీవాట్లు పెట్టాడు, గొట్టాలు పారబోసి మళ్లీ చేశాను. నాది వట్టి బజ్జీల ఆలస్యం. కానీ ఇలాంటి నీలమే సుబ్బారావుని ఏం చేసిందో వినండి. ఆయన కండరం నుంచి తీసిన రసంలో భాస్వరం కొలుస్తున్నాడు. మామూలుగా ఠక్కున దిగాల్సిన రంగు నెమ్మదిగా, అరగంటసేపు ముదురుతూ వస్తోంది. ఇంకొకడైతే "మందు పాతబడింది" అనుకుని పారబోసేవాడే. వాళ్లు పారబోయలేదు. భాస్వరం వదులుగా దేన్నో పట్టుకునుంది, ఆమ్లంలో పడగానే ఒక్కొక్కటిగా ఊడివస్తోంది, అందుకే ఈ ఆలస్యం అని పట్టేశారు. అలా 1927లో బయటపడింది ఫాస్ఫోక్రియాటిన్. రెండేళ్లకి, 1929లో, ఏటీపీ. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా అప్పుడే దాన్ని కనిపెట్టాడు.

ఏటీపీ అంటే మన కణాల జేబులో చిల్లర. కన్ను ఆర్పాలన్నా, పండుగాడు జామచెట్టెక్కాలన్నా ఆ చిల్లరే ఖర్చవుతుంది. ఫాస్ఫోక్రియాటిన్ మామ్మ కొంగున ముడేసిన డబ్బు. చిల్లర అయిపోయిన క్షణంలో ముడి విప్పి ఇస్తుంది. అంతకుముందు కండరాల పని లాక్టిక్ ఆమ్లం మీద నడుస్తుందని చెప్పిన పెద్దలకి 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి కూడా వచ్చింది. ఆ కథని తిరిగి రాయాల్సి వచ్చింది. ఒక నీలం గొట్టం దగ్గర అరగంట ఓపికగా కూర్చున్నందుకు!

అంత చేసినా హార్వర్డ్‌లో ఆయనకి స్థిరమైన కుర్చీ దక్కలేదు. 1940లో న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్ అనే ఊళ్లో లెడర్లీ మందుల కంపెనీ ప్రయోగశాలకి వెళ్లిపోయి, కొన్నాళ్లకి అక్కడి పరిశోధనకంతటికీ పెద్ద అయ్యాడు. అక్కడ ఆయన చేయించిన పనుల్లో ఒకటి ఫోలిక్ ఆమ్లాన్ని పాలకూర అక్కర్లేకుండా రసాయనాలతో తయారుచేయడం.

ఫోలిక్ ఆమ్లాన్ని మూడు కణుపుల చెరకుముక్క అనుకోండి. మొదటి కణుపు టెరిడిన్, నడిమిది పారా అమినో బెంజోయిక్ ఆమ్లం, చివరిది గ్లుటామిక్ ఆమ్లం. పేర్లు మరిచిపోండి, మూడు కణుపులని గుర్తుంటే చాలు. యాంజియర్ అనే ఆయనా, తోటి రసాయన శాస్త్రవేత్తలూ 1945లో చేసిన చిత్రం ఏమిటంటే, కణుపులు ఒక్కోటీ చెక్కి అతికించలేదు. మూడు దినుసులు ఒకే గిన్నెలో వేసి కలిపారు. ఉప్మాలో నీళ్లూ రవ్వా పోపూ ఒకదాన్నొకటి వెతుక్కున్నట్టు అవే వెళ్లి అతుక్కున్నాయి. అనవసరమైనవి కూడా బోలెడు పుట్టాయనుకోండి. వాటిని వదిలించుకుని శుద్ధిచేస్తే పసుపుపచ్చని పొడి మిగిలింది. నాలుగు టన్నుల పాలకూర ఇక అక్కర్లేదు. ఆ పొడిని స్ప్రూ రోగులకిచ్చి చూస్తే పూసిన నోళ్లు మానాయి, రక్తం పట్టింది. గుర్తుందా, ఆయన తోడబుట్టినవాళ్లని మింగిన జబ్బు! ఇరవై ఏళ్ల పైన ఆలస్యమైంది, ఏం చేస్తాం.

ఆగు చంటీ, కథ అయిపోలేదు. ఇప్పుడే రెండో మాత్ర వస్తోంది.

బోస్టన్‌లో పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అని ఒక డాక్టరు ఉండేవాడు. పోయినవాళ్ల శరీరాలూ కణాలూ పరీక్షించే శాఖ ఆయనది. లుకేమియా అంటే రక్తానికి వచ్చే కేన్సర్. మూలుగలో పక్వానికి రాని తెల్లకణాలు అదుపు లేకుండా పెరిగిపోతాయి. నేను చెప్పిన గళ్ల పలకలో వేలల్లో ఉండాల్సినవి లక్షల్లో కనిపిస్తాయి. నేనూ చూశాను అలాంటి పలకలు, ఒకటి రెండుసార్లు పసిపిల్లలవి. చూసి, కాసేపు బయటికొచ్చి నిలబడి, మళ్లీ వెళ్లి లెక్కపెట్టేవాణ్ణి. ఫార్బర్ రోజుల్లో ఆ జబ్బు వచ్చిన పిల్లలకి మందే లేదు, మిగిలేది వారాలు, నెలలు.

రక్తానికి మంచి చేస్తుంది కదా అని ఫార్బర్ ముందు ఆ పిల్లలకి ఫోలిక్ ఆమ్లం జాతి మందులు ఇచ్చి చూశాడు. అయ్యో, జబ్బు ఇంకా ఏపుగా పెరిగింది. కలుపు మొక్కలకి యూరియా వేసినట్టయింది. ఇంకొకరైతే అక్కడితో వదిలేసేవాళ్లు. ఆయన మాత్రం బుర్ర తిరగేసి ఆలోచించాడు. ఇది పెడితే పెరుగుతోందంటే, దీన్ని అందకుండా చేస్తే? ఆ పని చేసే మందు పెర్ల్ రివర్‌లో సుబ్బారావు మనుషుల దగ్గర అప్పటికే తయారవుతోంది.

చెరకు గానుగ చూశారా మీరు? మా చిన్నప్పుడు ఎడ్లు తిప్పేవి. ఒకసారి మా పిల్లమూకలో ఒకడు తుంటరితనంగా చెరకుగెడల మధ్య ఒక పచ్చి వెదురుగెడ కలిపేశాడు. వెదురుకీ కణుపులుంటాయిగా, చూపులకి చెరకులానే ఉంటుంది. గానుగ దాన్ని చెరకే అనుకుని పళ్లమధ్యకి తీసుకుంది. అంతే, బిగిసిపోయింది. నమలదు, వదలదు. ఎడ్లు ఆగిపోయాయి. రసం లేదు, పాకం లేదు, ఆ పూట బెల్లం లేదు. ఆ తుంటరివాడికి పడిన దెబ్బలు... సరే, ఆ తుంటరి ఎవరో మామ్మని అడగకండి.

మన కణంలోనూ ఒక గానుగ ఉంది. ఒక ఎంజైము. ఫోలిక్ ఆమ్లం అనే చెరకుని పిండి, కణానికి పనికొచ్చే రసంగా మార్చి ఇస్తుంది. ఆ రసం ఉంటేనే డీఎన్ఏకి కావలసిన బెల్లం. లెడర్లీలో సీగర్ అనే ఆయన బృందం ఏం చేసిందంటే, అదే గిన్నె, అదే వంటలో ఒక్క దినుసు మార్చింది. దాంతో మొదటి కణుపు మీద ఒకచోట ఆక్సిజన్, హైడ్రోజన్ జంట ఉండాల్సిన దగ్గర ఒక నైట్రోజన్, రెండు హైడ్రోజన్లు వచ్చి కూర్చున్నాయి. అంతే తేడా. తక్కిన చెరకుగెడ అంతా ఎప్పటిలాగే ఉంది. కానీ అది ఇప్పుడు వెదురు! దాని పేరు అమినోప్టెరిన్. గానుగ దాన్ని చెరకు అనుకుని అసలు చెరకు కన్నా వేల రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. పట్టుకుని వదలదు. నడి కణుపు దగ్గర ఇంకో చిన్న కొమ్మ, ఒక కార్బన్ మూడు హైడ్రోజన్లు, అతికిస్తే మెథోట్రెక్సేట్. అదే మామ్మ రెండో అట్ట.

"మరి మంచి కణాలకి కూడా గానుగ ఆగిపోతుందిగా?" అంటున్నాడు పండు. శభాష్. ఆగిపోతుంది. కానీ కేన్సర్ కణం ఇరవైనాలుగు గంటలూ అరిసెలు వండే ఇల్లు. బెల్లం ఆగితే ముందు మూతపడేది అదే. మన మామూలు కణాలు చాలామట్టుకు పండక్కో పబ్బానికో వండుకునేవి, అవి ఓర్చుకుంటాయి. అయితే ఒంట్లో రోజూ వండే మంచి ఇళ్లు కూడా కొన్ని ఉన్నాయి: మూలుగ, నోటిలోపలి పొర, పేగులు, జుట్టు కుదుళ్లు. అందుకే ఆ మందు ఎక్కువ మోతాదులో ఇస్తే నోరు పూస్తుంది, జుట్టు రాలుతుంది. పెద్ద మోతాదు ఇవ్వాల్సి వస్తే డాక్టర్లు ఇంకో ఉపాయం చేస్తారు. లెక్కచూసుకుని కొంతసేపటికి ల్యూకోవోరిన్ అని ఇస్తారు. అది గానుగతో పనిలేని తయారు రసం. గానుగ ఇరుక్కుంటే ఇరుక్కుంది, పక్క ఊరినుంచి కడవతో రసమే తెచ్చి పోసినట్టు.

ఫార్బర్ 1947 చివర్లో రెండేళ్ల పిల్లాడొకడికి అమినోప్టెరిన్ మొదలుపెట్టాడు. పొట్ట ఉబ్బి, నడవలేక పడున్న పిల్లాడు కొన్ని వారాలకి లేచి తిరిగాడు. 1948 జూన్‌లో ఆయన అచ్చువేసిన లెక్క ఇది: 16 మంది పిల్లలకి ఇచ్చారు, 10 మంది కోలుకున్నారు. మీకు అబద్ధం చెప్పను, ఆ కోలుకోవడం నెలలే నిలిచింది. జబ్బు తిరగబెట్టింది. ఆ మొదటి పిల్లలు దక్కలేదు. కానీ పిల్లల లుకేమియా ఒక మందుకి లొంగుతుందని ప్రపంచం కళ్లారా చూడటం అదే మొదలు. తర్వాత వచ్చినవాళ్లు ఒక మందుకి ఇంకో మందు చేర్చి, మోతాదులు మార్చి, తప్పులు దిద్దుకుంటూ ఇంత దూరం తెచ్చారు. ఇప్పుడు మంచి వైద్యం అందేచోట ఆ రకం లుకేమియా వచ్చిన పిల్లల్లో పదిమందికి దాదాపు తొమ్మిదిమంది బతుకుతున్నారు. వాళ్ల మందుల చీటీలో ఈనాటికీ మెథోట్రెక్సేట్ ఉంటుంది.

ఆ మనిషి చేయించినవి ఇంకా ఉన్నాయర్రా. ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ లెడర్లీలో ఆయన హయాములోనే వచ్చింది. ఇంకోటి మన గోదావరి జిల్లాలకి స్వయానా చుట్టం. బోదకాలు మందు. నా ఉద్యోగం కొత్తలో మమ్మల్ని రాత్రి పది దాటాక లాంతర్లిచ్చి ఊళ్లమీదికి పంపేవారు. నిద్రపోతున్నవాళ్లని లేపి వేలు గుచ్చి రక్తం తీసేవాళ్లం. కుక్కలు వెంటపడేవి, జనం తిట్టేవారు, "పగలు చావొచ్చుగా!" అని. పగలు వెళితే లాభంలేదు. బోదకాలు పురుగు పిల్లలు పగలు ఒంటిలోపల దాక్కుని, దోమలు కుట్టే రాత్రివేళ రక్తంలో షికారుకొస్తాయి. ఆ పిల్లపురుగుల పనిపట్టే మందు డీఈసీ. ఏడాదికోసారి ఆశా కార్యకర్త వచ్చి మింగించే మాత్రలున్నాయే, మీరు వేపచెట్టు వెనక దాక్కుంటారు చూడండి, అవే. 1947లో లెడర్లీలో బయటపడ్డాయి, ఆ పరిశోధనలోనూ సుబ్బారావు చెయ్యి ఉంది.

ఫార్బర్ ఆ లెక్క అచ్చువేసిన రెండు నెలలకి, 1948 ఆగస్టులో, సుబ్బారావు రాత్రి పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడు. వయసు 53. పాతికేళ్ల పైన అక్కడ ఉండి మళ్లీ ఇంటికి రాలేదు. ఇక్కడ ఇల్లాలు శేషగిరమ్మగారు ఎదురుచూస్తూనే ఉండిపోయారు. పుట్టిన ఒక్క కొడుకూ పసితనంలోనే పోయాడు, తండ్రి వాణ్ణి చూడనేలేదు. కణంలో చిల్లర ఎలా ఖర్చవుతుందో కనిపెట్టినవాడు తన బతుకుని మాత్రం ఒక్కచోటే ఖర్చుపెట్టేశాడనిపిస్తుంది నాకు. తప్పో ఒప్పో నేను చెప్పను. శేషగిరమ్మగారి వైపు నుంచి కూడా ఈ కథ చెప్పుకోవాలని మామ్మ ఎప్పుడూ అంటుంది. మామ్మ మాటలో న్యాయముంది.

ఇక బుజ్జమ్మ ప్రశ్నకి వద్దాం. మామ్మకి కేన్సర్ లేదు, కంగారుపడకండి. మామ్మకి ఉన్నది కీళ్లవాతం. కాపలా కుక్కల్లా ఒంటిని కాయాల్సిన తెల్లకణాలు దారితప్పి, మామ్మ వేళ్ల కీళ్లనే దొంగలనుకుని కరుస్తున్నాయి. ఆ కుక్కల్ని చంపకుండా కాస్త జోకొట్టడానికి మెథోట్రెక్సేట్ చాలా చిన్న మోతాదులో, వారానికి ఒక్కసారి ఇస్తారు. మిగతా రోజుల్లో వేసుకునే ఫోలిక్ ఆమ్లం, ఆ మందు వల్ల నోరు పూయకుండా, కడుపు తిప్పకుండా కాసుకుంటుంది. ఒక వెదురు, ఆరు చెరకులు. ఆ లెక్క తారుమారైతే, వారానికొకటి వేసుకోవాల్సింది రోజూ వేసుకుంటే, మూలుగ వంటశాల మొత్తం పొయ్యి ఆరిపోతుంది. ప్రాణం మీదికి వస్తుంది. మామ్మ అంత కేక వేసింది అందుకు, బుజ్జమ్మ మీద కోపంతో కాదు.

మీ మీ ఇళ్లల్లో కూడా కీళ్లనొప్పుల తాతలో అమ్మమ్మలో ఉంటే, ఈ మాత్ర వాడుతున్నారేమో అడగండి. వాడుతుంటే ఆ అట్టని వేరే డబ్బాలో పెట్టించి, డాక్టరు చెప్పిన వారం పేరు దానిమీద పెద్ద అక్షరాలతో రాయండి. పెద్దవాళ్లకి చిన్న అచ్చు కనపడదు, రంగు ఒకటే కనపడుతుంది. పండూ, లోపల బల్ల సొరుగులో నల్లసిరా లావు పెన్ను ఉంది, పట్రా. మామ్మ డబ్బా మీద 'ఆదివారం' అని బుజ్జమ్మే రాస్తుంది.